అప్పు, అమ్మకం, ఆనకట్ట: విదేశీ కాంట్రాక్టులకు ప్రభుత్వాల అండపై ఒక పరిశీలన

ఒక దేశపు నిర్మాణ సంస్థ మరొక దేశంలో ఆనకట్టో, వంతెనో, రైలు మార్గమో కట్టడానికి ధర చెప్పినప్పుడు ఆ సంస్థ ఒంటరిగా పోటీలోకి దిగదు. దాని వెనుక దాని ప్రభుత్వం నిలబడి వుంటుంది. మంత్రులు ఉత్తరాలు రాస్తారు. రాయబారులు విందులు చేస్తారు. అన్నిటికంటె ముఖ్యంగా ప్రభుత్వ ఖజానా తన సంచీ మూతి విప్పుతుంది. కొనే దేశానికి అప్పు ఇప్పిస్తుంది. ఆ అప్పుకు పూచీ పడుతుంది. కొన్నిసార్లు వడ్డీలో కొంత భాగం తానే భరిస్తుంది.

గత అర్ధ శతాబ్దంలో ఇటువంటి పెద్ద నిర్మాణాలకు పెద్ద కొనుగోలుదార్లలో ముస్లిం దేశాలు వున్నాయి. అయినా మన ధర్మ చర్చల్లో బ్యాంకు వడ్డీకి, జీవిత బీమాకు దొరికినంత చోటు ఈ విషయానికి దొరకలేదు. ఈ సహాయం ఎలా పనిచేస్తుంది, అది ఎక్కడ మేలు చేస్తుంది, ఎక్కడ దారి తప్పుతుంది, మన ధర్మవేత్తలు శతాబ్దాల క్రితం ఏర్పరచిన సూత్రాలు దీనిపై ఏమి వెలుగు ప్రసరిస్తాయి అనేవి ఈ వ్యాసంలో పరిశీలిద్దాం. ఉదాహరణగా మలేసియాలోని పెర్గావ్ ఆనకట్ట వ్యవహారాన్ని తీసుకుందాం. ఆ వ్యవహారంలోని కాగితాలు ఆడిట్ ముందుకు, పార్లమెంటు ముందుకు, చివరికి హైకోర్టు ముందుకు వచ్చాయి. అందువల్ల మామూలుగా మూసిన తలుపుల వెనుక జరిగేది ఇక్కడ బయటి ప్రపంచానికి కనిపించింది.

పెద్ద కాంట్రాక్టులోని ఆపదలు

మన వూళ్ళో మేస్త్రీతో ఇల్లు కట్టించుకునేటప్పుడు కొంత బయానా ఇస్తాం. గోడలు లేచాక కొంత, స్లాబు పడ్డాక కొంత ఇస్తాం. విదేశాల్లో కోట్ల పౌండ్ల పని కూడా మూలంలో ఇటువంటిదే. అయితే అక్కడ నమ్మకానికి బదులు కాగితాలు వుంటాయి. టెండరు వేసే సంస్థ ముందు ధరావతు కట్టాలి. పని దక్కాక, మధ్యలో వదిలిపెట్టి పోనని బ్యాంకు ద్వారా హామీ పత్రం ఇవ్వాలి. అడ్వాన్సు తీసుకుంటే దానికి మరో హామీ ఇవ్వాలి. యంత్రాలు ఓడల్లో పంపాలి, మనుషులను తరలించాలి, నాలుగైదేళ్ళు అక్కడే వుండాలి.

ఈలోగా ఎన్నో జరగవచ్చు. ప్రభుత్వం మారవచ్చు. యుద్ధం రావచ్చు. ఆ దేశంలో విదేశీ మారకద్రవ్యం అడుగంటవచ్చు. బిల్లు మంజూరైనా డబ్బు దేశం దాటకపోవచ్చు. ఇటువంటి ఆపదలకు మామూలు బీమా సంస్థలు ముందుకు రావు. అందుకే ప్రభుత్వాలు రంగంలోకి దిగాయి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత, 1919లో, బ్రిటన్ ఎగుమతి రుణాల హామీ శాఖను నెలకొల్పింది. తరువాత అమెరికా 1934లో ఎగుమతి దిగుమతి బ్యాంకును స్థాపించింది. మన దేశంలో 1957లో ఎగుమతి బీమాకు ఒక కార్పొరేషను ఏర్పడింది. అదే నేటి ఇ.సి.జి.సి. భారతీయ ఎగ్జిమ్ బ్యాంకు 1982లో పని ప్రారంభించింది.

సహాయంలో నాలుగు మెట్లు

ప్రభుత్వం తన ఎగుమతిదారుకు చేసే సహాయాన్ని నాలుగు మెట్లుగా అర్థం చేసుకోవచ్చు.

మొదటి మెట్టు బీమా. కొనుగోలుదారు చెల్లించకపోతే నష్టంలో ఎక్కువ భాగం ప్రభుత్వ సంస్థ భరిస్తుంది. ఇందుకు ఎగుమతిదారు రుసుము కడతాడు.

రెండవ మెట్టు హామీతో కూడిన అప్పు. నిర్మాణ సంస్థ దేశంలోని బ్యాంకులు కొనే దేశానికి అప్పు ఇస్తాయి. ఆ అప్పుకు ప్రభుత్వం పూచీ వుంటుంది. డబ్బు మాత్రం చాలా వరకు సరిహద్దు దాటదు. బ్యాంకు నుండి నేరుగా అదే దేశపు కాంట్రాక్టరు ఖాతాలోకి చేరుతుంది. దూరదేశంలో మిగిలేది కట్టడం, దానితోపాటు బాకీ.

మూడవ మెట్టు వడ్డీ తగ్గింపు. బజారులో వున్న వడ్డీకి, కొనే దేశం కట్టే వడ్డీకి మధ్య తేడాను ప్రభుత్వం బ్యాంకుకు చెల్లిస్తుంది.

నాలుగవ మెట్టు అభివృద్ధి సహాయ నిధిని ఇందులో కలపడం. పేద దేశాల కోసం పార్లమెంటు మంజూరు చేసిన డబ్బులో కొంత తీసి కాంట్రాక్టు ధరకు జోడిస్తారు. షరతు ఒకటే: పని మా దేశపు సంస్థకే ఇవ్వాలి. దీనిని షరతు కట్టిన సహాయం అనవచ్చు.

మెట్టు ఎక్కేకొద్దీ ఒక మార్పు జరుగుతుంది. మొదటి మెట్టు మీద ప్రభుత్వం ఒక నిజమైన ఆపదను పంచుకుంటున్నది. నాలుగవ మెట్టు చేరేసరికి అది అమ్మకపు ధరలోనే చేయి పెడుతున్నది. దేశాల మధ్య ఈ పోటీ హద్దు మీరుతున్నదని సంపన్న దేశాలే గ్రహించి, 1978లో ఓ.ఇ.సి.డి. ఆధ్వర్యంలో ఒక ఒడంబడికకు వచ్చాయి. కాంట్రాక్టు విలువలో కనీసం 15 శాతం కొనుగోలుదారు ముందుగా సొంతంగా చెల్లించాలని, మిగిలిన 85 శాతానికి మించి ప్రభుత్వ మద్దతు గల అప్పు ఇవ్వరాదని అందులో నిర్ణయించుకున్నాయి. అయితే సహాయ నిధుల తలుపు ఆ తరువాత కూడా చాలాకాలం తెరిచే వుంది.

బ్రిటన్ 1977లోనే తన సహాయ నిధిలో ఒక భాగాన్ని వ్యాపారానికి జోడించే ఏర్పాటు చేసుకుంది. ఫ్రాన్సు, జపాన్ ఇలా చేస్తున్నప్పుడు మేము చేతులు కట్టుకుని కూర్చుంటే మా కార్మికులు పనులు కోల్పోతారని వాదించింది. ఈ వాదాన్ని తేలికగా కొట్టివేయలేము. పక్క దుకాణదారు తూకంలో మోసం చేస్తుంటే నిజాయితీపరుడైన వర్తకుడికి కలిగే బాధ వంటిదే అది. కాని పక్కవాడి తూకం మన తూకాన్ని సమర్థించజాలదు.

పెర్గావ్‌లో ఏమి జరిగింది

మలేసియా ద్వీపకల్పానికి ఈశాన్య భాగంలో, థాయ్‌లాండ్ సరిహద్దున కెలాంటన్ రాష్ట్రం వుంది. అక్కడి కొండల్లో పెర్గావ్ నది మీద 600 మెగావాట్ల జల విద్యుత్ కేంద్రం కట్టాలన్న ఆలోచన ఈ కథకు కేంద్రం. ప్రధానమంత్రి మహాతీర్ ముహమ్మద్ ప్రభుత్వం దానిని కోరుకున్నది. బాల్ఫర్ బీటీ, సిమెంటేషన్ అనే బ్రిటిష్ నిర్మాణ సంస్థల కూటమి దానిని కట్టాలనుకున్నది.

అయితే ఆనకట్ట కంటె ముందు ఆయుధాల మాట వచ్చింది. 1988 మార్చిలో బ్రిటన్ రక్షణమంత్రి జార్జ్ యంగర్ కౌలాలంపూర్‌లో ఒక పత్రం మీద సంతకం చేశాడు. మలేసియా కొనబోయే ఆయుధాల విలువలో 20 శాతానికి సమానమైన అభివృద్ధి సహాయం గురించి ఆ పత్రంలో ప్రస్తావన వుంది. ఇది తమ ప్రభుత్వ విధానానికే విరుద్ధమని లండన్‌లో గుర్తించి, సహాయాన్ని ఆయుధాలతో ముడిపెట్టలేమని అదే సంవత్సరం జూన్‌లో ఉత్తరం రాశారు. కాని సహాయం అందుతుందన్న ఆశ మాత్రం చెరిగిపోలేదు. 1988 సెప్టెంబరులో రెండు దేశాల మధ్య ఆయుధాల కొనుగోలు అవగాహన కుదిరింది. అప్పటికి ముడి కాగితం మీద నుండి తొలగింది. మనసుల్లో నిలిచి వుంది.

1989 మార్చిలో మహాతీర్ లండన్ వచ్చినప్పుడు ప్రధానమంత్రి మార్గరెట్ థాచర్ ఆనకట్టకు సహాయం చేస్తామని మాట ఇచ్చింది. అప్పటికి కూటమి చెప్పిన ధర 31 కోట్ల 60 లక్షల పౌండ్లు. మాట ఇచ్చిన కొద్ది వారాలకే కూటమి ధరను 39 కోట్ల 70 లక్షల పౌండ్లకు పెంచింది. అంటే 8 కోట్ల 10 లక్షల పౌండ్ల పెరుగుదల. మామూలు బజారులో వర్తకుడు ఇలా చేస్తే కొనుగోలుదారు లేచి పక్క కొట్టుకు నడుస్తాడు. ఇక్కడ ఎవరూ లేచి నడవలేదు. ఎందుకో తరువాత చూద్దాం.

బ్రిటన్ సహాయ శాఖలోని ఆర్థిక నిపుణులు 1990లో లెక్కలు పూర్తి చేశారు. మలేసియాకు సమృద్ధిగా సహజవాయువు వుంది. వాయువుతో నడిచే కేంద్రాల నుండి ఇంతకంటె చవకగా విద్యుత్తు వస్తుంది. ఇప్పుడే పెర్గావ్ కట్టడం వల్ల అక్కడి విద్యుత్ వినియోగదారులపై 35 ఏళ్ళలో 10 కోట్ల పౌండ్లకు మించి అదనపు భారం పడుతుందని తేల్చారు. గమనించండి: సహాయం అనే పేరుతో వచ్చినది, సహాయం పొందే ప్రజల మీదే భారం అవుతున్నది.

ఆ శాఖకు అధిపతిగా వున్న అధికారి టిమ్ లాంకెస్టర్ 1991 ఫిబ్రవరిలో తన అభ్యంతరాన్ని లిఖితపూర్వకంగా నమోదు చేశాడు. ఈ ఖర్చు ప్రజాధనానికి తగిన విలువ ఇవ్వదని చెప్పాడు. విదేశాంగమంత్రి డగ్లస్ హర్డ్ ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చి డబ్బు విడుదలకు ఆదేశించాడు. బ్రిటన్ ప్రధానమంత్రి ఇచ్చిన మాట వెనక్కు తీసుకుంటే దేశం పరువు పోతుందన్నది, వ్యాపార సంబంధాలు దెబ్బతింటాయన్నది కారణం. చివరకు మలేసియాకు దొరికిన అప్పు 14 ఏళ్ళలో తీర్చవలసినది. దాని మీద వడ్డీ ఏడాదికి 1 శాతం కంటె తక్కువ. ఆ తగ్గింపు కోసం బ్రిటన్ సహాయ నిధి భరించవలసిన మొత్తం 23 కోట్ల 40 లక్షల పౌండ్లు.

హైకోర్టు తీర్పు

1993లో జాతీయ ఆడిట్ కార్యాలయం నివేదికతో విషయం బయటపడింది. పార్లమెంటు కమిటీలు అధికారులను ప్రశ్నించాయి. 1994 ఫిబ్రవరిలో బ్రిటిష్ పత్రికల ఆరోపణలకు కోపగించిన మలేసియా, బ్రిటిష్ సంస్థలకు ప్రభుత్వ కాంట్రాక్టులు ఇవ్వబోమని ప్రకటించింది. ఆ నిషేధం అదే ఏడాది సెప్టెంబరు దాకా సాగింది. వ్యాపార సంబంధాలు కాపాడటానికే ఖర్చు పెట్టామన్న డబ్బు చివరకు ఆ సంబంధాలనే కాపాడలేకపోయింది.

పేద దేశాల పక్షాన పనిచేసే వరల్డ్ డెవలప్‌మెంట్ మూవ్‌మెంట్ అనే సంస్థ లండన్ హైకోర్టుకు వెళ్ళింది. 1994 నవంబరు 10న తీర్పు వెలువడింది. 1980 నాటి చట్టం మంత్రికి సహాయ నిధిని ఖర్చు చేసే అధికారం ఇచ్చింది. అయితే ఆ అధికారం ఒక ప్రయోజనం కోసం, అంటే విదేశాల ఆర్థికాభివృద్ధి కోసం ఇవ్వబడింది. ఆర్థికంగా నిలవని పథకం ఆ ప్రయోజనాన్ని నెరవేర్చదు. కనుక ఈ ఖర్చు చట్టవిరుద్ధం అని న్యాయమూర్తులు నిర్ణయించారు. ప్రభుత్వం అప్పీలుకు వెళ్ళలేదు. మలేసియాకు ఇచ్చిన మాట మాత్రం నిలుపుకున్నది. మిగిలిన చెల్లింపులకు డబ్బు వేరే పద్దు నుండి తెచ్చింది.

ఆనకట్ట పూర్తయింది, విద్యుత్తు ఇస్తున్నది. దాని కట్టుబడిలో లోపం వుందని ఎవరూ అనలేదు. లోపం ఒప్పందంలో వుంది.

అప్పును అమ్మకంతో కలపరాదన్న హదీసు

ఇప్పుడు మనం వదిలిపెట్టిన ప్రశ్నకు వద్దాం. ధర వారాల్లో 8 కోట్ల పౌండ్లు పెరిగినా కొనుగోలుదారు ఎందుకు లేచి నడవలేదు?

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో వుంది. అప్పును, అమ్మకాన్ని ఒకదానికొకటి షరతుగా ముడిపెట్టడాన్ని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారించారు. నీవు నాకు అప్పు ఇస్తేనే ఈ వస్తువు నీకు అమ్ముతాను అనడం, లేక నా సరుకు కొంటేనే నీకు అప్పు ఇస్తాను అనడం ఈ కోవలోకి వస్తుంది.

పైకి చూస్తే ఇందులో తప్పేమిటి అనిపిస్తుంది. అప్పు వేరుగా ధర్మసమ్మతమే. అమ్మకం వేరుగా ధర్మసమ్మతమే. మరి రెండూ కలిస్తే ఎందుకు దోషం? ధర్మవేత్తల వివరణ ఇది: ఈ రెండూ ఒకే ముడిలో పడినప్పుడు సరుకుకు అసలు ధర ఏమిటో తెలియకుండా పోతుంది. అప్పు ఇచ్చినవాడు దాని ప్రతిఫలాన్ని సరుకు ధరలో దాచుకుంటాడు. అప్పు మీద పుచ్చుకోరాని లాభం అమ్మకం అనే తలుపు గుండా లోపలికి వస్తుంది. అప్పు అవసరమైనవాడు ధర గురించి బేరమాడే స్వేచ్ఛ కోల్పోతాడు.

పెర్గావ్‌లో అక్షరాలా ఇదే జరిగింది. పోటీ టెండరు పిలవకుండానే బేరం సాగింది. చవక అప్పు ఒకే కూటమి చేతిలో వుంది. పక్క కొట్టుకు నడిస్తే సరుకు చవకగా దొరకవచ్చు, కాని అప్పు దొరకదు. అందువల్ల కొనేవాడు ధరను చూడటం మాని కిస్తీని చూశాడు. కిస్తీ తేలికగా వుంది కాబట్టి ధర ఎంతయినా తేలికగానే కనిపించింది. అమ్మేవాడికీ ధర తగ్గించవలసిన అవసరం కనిపించలేదు. ఎందుకంటే తేడా భరించేది బ్రిటన్ పన్ను చెల్లింపుదారు. ఇద్దరి మధ్య కూర్చున్న ఆ మూడవవాడిని, ఎదుట ముప్పై అయిదేళ్ళు విద్యుత్ బిల్లు కట్టే నాలుగవవాడిని బేరం బల్ల దగ్గరకు ఎవరూ పిలవలేదు.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. అప్పు ఇచ్చింది బ్యాంకులు, అమ్మింది నిర్మాణ సంస్థ. ఇద్దరూ వేరు కదా? నిజమే, కాగితం మీద వేరు. కాని షరతు ఒకటే అయినప్పుడు, పని మరొకరికి ఇస్తే అప్పు రద్దయ్యేటప్పుడు, చేతులు ఎన్ని వున్నా ముడి ఒక్కటే. ఇక ఆ వడ్డీ 1 శాతం కంటె తక్కువ అన్న మాటకు వస్తే, వడ్డీ తక్కువైనా వడ్డీయే. అది వేరే దోషం. వడ్డీని పూర్తిగా తీసివేసినా ముడి వల్ల కలిగే దోషం మిగిలే వుంటుందని ఈ హదీసు మనకు నేర్పుతున్నది. వడ్డీ లేకుంటే చాలు, ఒప్పందం పవిత్రమైపోతుందని భావించేవారు ఈ సంగతి మీద దృష్టి పెట్టాలి.

ఇమామ్ మాలిక్ (రహ్మతుల్లాహి అలైహి) తన ముఅత్తాలో ఈ నిషేధాన్ని పేర్కొని, దానికి పరిష్కారం కూడా చెప్పారు. అప్పును షరతుగా పెట్టినవాడు ఆ షరతును వదులుకుంటే అమ్మకం చెల్లుతుంది. ఎంత సులభమైన మాట! ముడి విప్పండి; అప్పుడు అప్పు అప్పుగా, అమ్మకం అమ్మకంగా నిలబడతాయి. పెర్గావ్ తరువాత బ్రిటన్ నడిచిన దారి విచిత్రంగా ఇదే. సహాయాన్ని వ్యాపారానికి జోడించే ఏర్పాటును 1997లో రద్దు చేసింది. 2001 ఏప్రిల్ నుండి తన అభివృద్ధి సహాయానికి బ్రిటిష్ సంస్థల నుండే కొనాలన్న షరతు తొలగించింది. 2002 నాటి చట్టంలో అటువంటి సహాయానికి పేదరిక నిర్మూలనను గీటురాయిగా పెట్టింది. ఇంకా ముందే, 1992లో, వాణిజ్యపరంగా తనంతట తాను నిలవగల పథకాలకు షరతు కట్టిన సహాయం ఇవ్వరాదని ఓ.ఇ.సి.డి. దేశాలు నియమం చేసుకున్నాయి. అనుభవం చెంపదెబ్బ కొట్టి నేర్పినది, మన గ్రంథాల్లో ముందే రాసి వుంది. దానిని చదివి పాటించని లోపం మాత్రం మనది.

కానుక ఎందుకు వచ్చింది?

ఆయుధాల సంగతికి మరో హదీసు వర్తిస్తుంది. దైవప్రవక్త (స) జకాత్ వసూలుకు నియమించిన ఒక వ్యక్తి తిరిగి వచ్చి, ఇది మీది, ఇది నాకు కానుకగా వచ్చింది అని రెండు భాగాలు చేశాడు. ఆయన (స) మింబర్ ఎక్కి, ఆ మనిషి తన తల్లిదండ్రుల ఇంట కూర్చుని వుంటే ఆ కానుక వచ్చేదా అని నిలదీశారు. ఈ సంఘటన బుఖారీ, ముస్లిం గ్రంథాలలో వుంది. కానుకను దాని పేరుతో కాక, అది వచ్చిన కారణంతో తూచాలన్నది ఇందులోని సూత్రం. మలేసియా ఆయుధాలు కొనకుండా తన ఇంట కూర్చుని వుంటే ఆ సహాయం వచ్చేదా? ఈ ఒక్క ప్రశ్న వేసి వుంటే వేల పేజీల నివేదికలు అవసరమయ్యేవి కావు.

అలాగే పాలకుడి అధికారం గురించి ధర్మశాస్త్రంలో ఒక మూలసూత్రం వుంది. ప్రజల మీద పాలకుడు చేసే ప్రతి చర్య ప్రజాహితానికి కట్టుబడి వుండాలి. ఉస్మానీ ప్రభుత్వం 1869 - 1876 మధ్య సంకలనం చేసిన మజల్లా ధర్మస్మృతిలో ఇది 58వ అధికరణం. అనాథ ఆస్తికి సంరక్షకుడు ఎలాంటివాడో, ప్రజాధనానికి పాలకుడు అలాంటివాడని మన పండితులు పోల్చి చెప్పారు. దివ్య ఖుర్ఆన్ నిసా సూరా 58వ ఆయతులో అమానతులను వాటి హక్కుదారులకు చేర్చాలన్న ఆజ్ఞ వుంది. పేద దేశాల పేరుతో కేటాయించిన డబ్బు ఒక అమానతు. దానిని ఆయుధ వ్యాపారానికి అంటించిన తోకగా మార్చడం ఖియానతు. లండన్ న్యాయమూర్తులు తమ చట్టపు మాటల్లో చెప్పినదీ ఈ సూత్రమే: అధికారం ఎందుకు ఇవ్వబడిందో దానికే వాడాలి.

తప్పు ఒక్క వైపే వుందని మనం సంతృప్తి పడరాదు. అమ్మిన వైపు ఆడిట్ వుంది, కోర్టు వుంది, తప్పును తేల్చగలిగారు. కొన్న వైపు, ఈ ఆనకట్ట ఇప్పుడు మనకు అవసరమా, వాయువు కేంద్రం చవక కాదా అని పాలకులను కోర్టులో నిలబెట్టి అడిగినవారు లేరు. షూరా ఆదేశం మనకు వుండగా, సంప్రదింపు మరొకరి దేశంలో జరగడం ఆలోచించవలసిన విషయం.

ధర్మసమ్మతమైన అండ ఎలా వుంటుంది?

అయితే ప్రభుత్వం తన ఎగుమతిదారుకు అసలు సహాయమే చేయరాదా? ఆ మాట ఎవరూ అనరు. నిజమైన ఆపదను పంచుకోవడం, మాటకు పూచీ పడటం ఇస్లాంలో గౌరవనీయమైన పనులు. బాకీతో మరణించిన ఒక వ్యక్తి జనాజా నమాజుకు దైవప్రవక్త (స) వెనుకాడినప్పుడు, ఆ బాకీకి నేను పూచీ అని హజ్రత్ అబూ ఖతాదా (రజి) ముందుకు వచ్చారు. అప్పుడు ఆయన (స) నమాజు చేయించారు. కఫాలతుకు ఇది మూలాధారాలలో ఒకటి.

కాని పూచీని అమ్ముకోవడం వేరు. 1985 డిసెంబరులో జిద్దాలో సమావేశమైన ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ హామీ పత్రాల గురించి చర్చించి, పూచీ పడినందుకు మొత్తాన్ని బట్టి, కాలాన్ని బట్టి ప్రతిఫలం తీసుకోరాదని, పత్రం జారీకి అయ్యే నిజమైన ఖర్చులు తీసుకోవచ్చని తీర్మానించింది. ఇదే అకాడమీ 1992లో ఇస్తిస్నా ఒప్పందం గురించి తీర్మానం చేసింది. ఇస్తిస్నా అంటే ఇంకా తయారుకాని వస్తువును నిర్ణీత వివరాలతో చేయించుకునే ఒప్పందం. హనఫీ ధర్మవేత్తలు దీనిని ఆదినుండి అంగీకరించారు. వస్తువు వివరాలు, గడువు స్పష్టంగా వుంటే అది ఇరుపక్షాలకూ కట్టుబాటు అవుతుందని, ధరను పూర్తిగా తరువాత గాని, వాయిదాల్లో గాని చెల్లించవచ్చని అకాడమీ స్పష్టం చేసింది. ఆనకట్టకు, వంతెనకు ఇది చక్కగా సరిపోతుంది. ఇక్కడ అప్పు వేరుగా లేదు. వాయిదాలతో సహా ఒకే ధర వుంది. ఆ ధర అందరికీ కనిపిస్తుంది. దానిని పక్క కొట్టు ధరతో పోల్చవచ్చు.

ఆపద పంచుకోవడానికి కూడా ఒక ప్రయత్నం జరిగింది. ఇస్లామీ అభివృద్ధి బ్యాంకు 1994లో పెట్టుబడులకు, ఎగుమతి బాకీలకు బీమా చేసే ఒక కార్పొరేషనును జిద్దాలో నెలకొల్పింది. అందులో బీమా చేసుకున్నవారి నిధి వేరు, వాటాదార్ల నిధి వేరు. ఒకరి నష్టాన్ని అందరూ కలిసి భరించే తకాఫుల్ భావన మీద అది నడుస్తున్నది. దానిలో లోటుపాట్లు వుంటే విమర్శించవచ్చు. కాని వడ్డీతో పని లేకుండా విదేశీ వ్యాపారానికి అండ ఇవ్వడం అసాధ్యం అనే వాదానికి అది సమాధానం.

మన సంగతి

భారతదేశం నేడు ఈ వ్యవహారంలో చూసేవాడి స్థానంలో లేదు. మన ఎగ్జిమ్ బ్యాంకు ద్వారా ఆఫ్రికా, ఆసియా దేశాలకు ప్రభుత్వ మద్దతుతో రుణాలు వెళుతున్నాయి. వాటితో కొనే వస్తువులు, సేవలలో సాధారణంగా 75 శాతం భారతదేశం నుండే వుండాలన్న షరతు వుంది. కనుక లండన్‌ను అడిగిన ప్రశ్నలు రేపు మనల్నీ అడగవచ్చు.

మరొక సంగతి మన తెలుగు ముస్లిం కుటుంబాలకు మరీ దగ్గరిది. ఈ ఏర్పాట్లన్నిటిలో బ్యాంకుకు పూచీ వుంది, కాంట్రాక్టరుకు బీమా వుంది. ఇటుక మోసే చేతులకు ఏముంది? చమురు ధరలు పడిపోయి సౌదీ అరేబియాలో నిర్మాణ సంస్థలకు చెల్లింపులు ఆలస్యమైనప్పుడు, 2016లో వేలాది భారతీయ కార్మికులు నెలల తరబడి జీతాలు లేక శిబిరాల్లో చిక్కుకున్నారు. మన జిల్లాల నుండి వెళ్ళినవారూ వారిలో వున్నారు. భారత దౌత్య కార్యాలయం ద్వారా వారికి తిండి అందించవలసి వచ్చింది. కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న బోధ మనలో తెలియనివారు లేరు. కోట్ల రూపాయల బాకీకి పూచీ పడగల ప్రభుత్వాలు, ఆ కాంట్రాక్టు మీద పనిచేసేవారి జీతాలకు కూడా పూచీ వుండాలని ఒక షరతు చేర్చలేవా? షరతులు పెట్టడం వారికి చేతకాని పని కాదని పెర్గావ్ చూపింది.

ఒక ప్రభుత్వం తన సంస్థకు అండగా విదేశానికి వెళ్ళినప్పుడు మనం అడగవలసినవి మూడు. అప్పు తీసివేసి చూస్తే ఈ ధర నిలుస్తుందా? ఈ డబ్బు ఎవరి అమానతు, ఏ ప్రయోజనానికి ఇవ్వబడింది? బేరం బల్ల దగ్గర లేనివారి మీద, అంటే పన్ను కట్టేవాడి మీద, బిల్లు కట్టేవాడి మీద, కూలి చేసేవాడి మీద, ఎంత భారం పడుతున్నది? ఈ ప్రశ్నలకు సూటిగా జవాబు దొరికిన ఒప్పందం నిర్మాణానికి తగినది. అప్పును రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని ఆజ్ఞాపించిన ధర్మం మనది. బాకీల విషయంలో చీకటిని అది ఇష్టపడదు. అల్లాహ్ మన లావాదేవీలలో వెలుగును ప్రసాదించుగాక.